చర్చ: బొద్దుగా ఉన్నవాళ్లు గంజి నూలు చీరలు మానేయాల్సిందేనా?

కొలతటేపు
పొట్టిగా, కాస్త ఒళ్లుగా ఉన్నవాళ్లు మంగళగిరి, గద్వాల్ నూలు చీరల జోలికి పోవద్దు, జార్జెట్టో క్రేపో కట్టుకోండి అని ఎక్కడ చూసినా ఒకటే సలహా. దానికి తోడు మనుషుల్ని పళ్లబుట్టలోకి ఎత్తే చార్టులొకటి: మీరు ఆపిలా, పియరా అని. అవి కత్తిరించి కుట్టే గౌన్ల కోసం పుట్టినవి. చుట్టి దోపుకునే బట్టకు ఆ లెక్క కుదరదు.

లావు ఎక్కడినుంచి వస్తుందో కొలిచి చూడండి. 5 అడుగుల మనిషికి నడుము నుంచి నేలకు సుమారు 37 అంగుళాలు. చీర పన్నా, అంటే వెడల్పు, 47 అంగుళాలైతే 10 అంగుళాల బట్ట లోపలికి పోవాలి. 6 కుచ్చిళ్లు పెడితే పొట్ట మీద 12 పొరలు, అదీ 10 అంగుళాల లోతున! 5 అడుగుల 6 అంగుళాల మనిషికి అదే చీరలో 5, 6 అంగుళాలే దోపుతారు. అంటే పొట్టివాళ్లను లావు చేసేది చాలాసార్లు నూలు కాదు, దోపుడు.

దీనికి మందు: పావడా బొడ్డు మీదికి కట్టండి, 2 అంగుళాలు కలిసొస్తాయి. కుచ్చిళ్లను కట్టగా గుచ్చేయకుండా, లోపలికి పోయాక చెయ్యి పెట్టి విసనకర్రలా పక్కలకు పరవండి. కొనేటప్పుడే పన్నా కొలవండి. 44, 45 అంగుళాల పన్నా దొరికితే పొట్టివాళ్లు అదే తీసుకోవాలి.

జారుపైట
లెక్క బాగుంది కానీ అసలు సంగతి దాటేశారు. దోపుడు నడుము దగ్గరి మాట. గంజి చీర ఒంటికి ఆనదు, తుంటి దగ్గర గుడారంలా నిలబడుతుంది. చూసేవాళ్ల కంటికి కనిపించేది ఒళ్లు కాదు, బట్ట బయటి గీత. ఆ గీత ఒంటికి రెండంగుళాల అవతల ఉంటే మనిషి రెండంగుళాలు వెడల్పు. పైటా అంతే, గంజి బట్ట భుజం మీంచి జారదు, ఛాతీ మీద పలకలా నిలుస్తుంది.

జార్జెట్, క్రేప్ పోగుల్ని గట్టిగా మెలిపెట్టి నేస్తారు. అందుకే మడత నిలవకుండా బరువుగా కిందికి దిగుతాయి. ఈ పని నూలు ఎప్పటికీ చేయదు.

పడుగుపేక
"నూలు ఎప్పటికీ చేయదు" అనకండి. ఏ నూలు?

కౌంటు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగుతాయన్నది. అంకె పెరిగేకొద్దీ పోగు సన్నం. 40 కౌంటు చీర ఉతికినా మందమే, జారుపైట గారు చెప్పిన గుడారం దానికి వర్తిస్తుంది. మంగళగిరిలో ఎక్కువగా నేసేది 80. వెంకటగిరి సన్నరకాలు 100, 120 దాకా పోతాయి. గంజి వదిలిన 100 కౌంటు చీర మల్లుబట్టలా ఒంటిమీదికి వాలుతుంది.

ఇక్కడే దుకాణాల్లో ఒక కిటుకు నడుస్తుంది. "120 కౌంటండీ" అంటారు. అది 2/120 కావచ్చు, అంటే రెండు 120 పోగుల్ని కలిపి మెలిపెట్టింది. మందంలో అది 60 ఒంటిపోగుతో సమానం. అంచు దగ్గర ఒక పోగు లాగి, మెలి వెనక్కి విప్పండి. రెండుగా చీలితే జంటపోగు. జంటపోగు చెడ్డదేం కాదు, ఎక్కువ మన్నుతుంది. అయితే సన్నం అనే మాట మీద డబ్బు కట్టడం దండగ.

గంజి ఎంతుందో కొనే ముందే తెలుసుకోవచ్చు. బట్టను రెండు బొటనవేళ్ల మధ్య నలిపితే తెల్లపొడి రాలుతుంది. తర్వాత వెలుతురుకు పెట్టి చూడండి, నలిపిన చోట సందులు తేలితే పలుచని నేతను గంజితో నింపారన్నమాట. లాగిన పోగు మీద నీళ్లు కలిపిన టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుంది. చీర మీద మాత్రం వేయకండి, మరక పోదు.

కొలతటేపు
ఇంకో సులువు, వంటింటి త్రాసు. 5.5 మీటర్ల చీర, 1.18 మీటర్ల పన్నా, అంటే 6.5 చదరపు మీటర్లు. చీర 400 గ్రాములు తూగితే చదరపు మీటరుకు సుమారు 62 గ్రాములు. ఇలా రెండు చీరల్ని పోల్చి తేలికదే తీసుకోవచ్చు.

పడుగుపేక
సాదా చీరలకైతే సరే. జరీ అంచున్న దానికి ఈ తూకం మోసం చేస్తుంది, బరువంతా అంచులోనే ఉంటుంది. గంజి బరువూ అందులోదే. ఒకే తరహా అంచున్న చీరల మధ్యే పోల్చండి.

జరీఅంచు
అంచు మాటెత్తారు కాబట్టి: పొట్టివాళ్లకు పెద్ద అంచు పనికిరాదన్నది ఇంకో పాత పాట. 8 అంగుళాల అంచు, కనిపించే 37 అంగుళాల్లో 21.6 శాతం. 41 అంగుళాలు కనిపించే పొడుగు మనిషికి 19.5. ఆ రెండు శాతం కంటికి ఆనుతుందా? ఆనేది రంగు. ఆకుపచ్చ చీరకు మెరూన్ అంచు వస్తే చూపు మోకాలి కింద తెగిపోతుంది, 4 అంగుళాల అంచైనా అంతే. చీర రంగులోనే అంచుంటే 10 అంగుళాలున్నా నిలువు తెగదు.

నేను చూడమనేది పైఅంచు. రెండువైపులా సమానమైన జరీ అంచుంటే పైది దోపుడులోకి పోయి, 12 పొరలూ జరీతో పొట్ట మీద పొడుచుకొస్తాయి. పైఅంచు సన్నగా ఉన్నది వెతకండి. ప్లాస్టిక్ జరీ అయితే మరీ ఘోరం, మడత నిలవక విప్పుకుంటుంది. ఒక పోగు కాలిస్తే కరిగి పూసలా గట్టిపడుతుంది, అదే గుర్తు. పట్టు చీర మీది సిల్క్ మార్క్ చూసి జరీ కూడా మంచిదనుకోవద్దు. అది పట్టు స్వచ్ఛతకే పూచీ, జరీకి కాదు, మగ్గానికీ కాదు.

జారుపైట
అంచు విషయం ఒప్పుకుంటాను. గద్వాల్ మాటేమిటి? చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఇంట్లో తడిపితే నూలు ముడుచుకుని పట్టంచు అలలు తేలుతుంది. అలలు తేలిన అంచు కుచ్చిళ్లను విప్పేస్తుంది. గంజి వదలాలంటే తడపాలి, తడిపితే అంచు పాడు. ఇక్కడ మీ వాదన ఆగిపోలేదూ?

కొలతటేపు
ఆగింది. గద్వాల్‌కి నా దగ్గర జవాబు లేదు, డ్రైక్లీనింగ్ తప్ప. దానితో గంజి పూర్తిగా పోదు.

నూలుపోగు
జార్జెట్‌ను దేవుణ్ణి చేస్తున్నారు కానీ బజారులో 60 గ్రాముల జార్జెట్ పేరుతో అమ్మేది చాలావరకు పాలిస్టరే. శాటిన్ పావడా మీద కడితే రాపిడికి విద్యుత్తు పుట్టి తొడలకు అతుక్కుంటుంది. పావడా నాడా ముడి, కుట్ల గీతలు, పొట్ట మడత అన్నీ బయటపెడుతుంది. నూలు దాచే మడతల్నే ఇది చూపిస్తుంది! కట్టాలంటే కింద నూలు పావడా తప్పనిసరి.

విస్కోస్ (చెక్కగుజ్జుతో తీసే పోగు) క్రేప్ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. కాల్చి చూస్తే కాగితంలా కాలి బూడిదవుతుంది, అచ్చం నూలులాగే. కాల్చే పరీక్ష ఇక్కడ పనికిరాదు. రెండు పోగులు తీసి ఒకటి పొడిగా, ఒకటి తడిపి తెంపండి. తడిగా తేలిగ్గా తెగితే విస్కోస్. నూలు తడిస్తే బలం పెరుగుతుంది.

చేతికుట్టు
చీర మీద ఇంత చర్చ, జాకెట్టు సంగతి ఎవరికీ పట్టలేదు. చెయ్యి మందం ఎక్కడ ఎక్కువో సరిగ్గా అక్కడ జాకెట్టు చెయ్యి ఆగితే ఏ చీర కట్టినా బొద్దుగానే కనిపిస్తారు. ఒక అంగుళం పైనో, మోచేతి దాకానో పెట్టించుకోండి.

చీరతో వచ్చిన జాకెట్టు బట్ట బిగువుకు ఆగుతుందో లేదో కుట్టించే ముందే చూడాలి. రెండు బొటనవేళ్లతో పట్టి అడ్డంగా లాగండి. పోగులు జరిగి సందులు పడితే చంక దగ్గరా వీపు దగ్గరా కుట్టు వెంట చీలుతుంది. టిష్యూలో (జరీ కలిపి నేసిన పలుచని బట్ట), పలుచని పట్టులో ఇది మామూలే. అలాంటిదానికి లైనింగు వేసి, బిగువంతా లైనింగు మీద పడేలా ఒకటిన్నర అంగుళం మిగులు వదిలి కుట్టాలి. లైనింగు నూలును రాత్రంతా నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరించాలి. చీర ఫాల్‌కీ ఇదే నియమం. తడపని ఫాల్ మొదటి ఉతుకుకే ముడుచుకుని, కింది అంచును పైకి లాగేస్తుంది. చీర గుడారంలా నిలబడిందని గంజిని తిడుతుంటాం, చాలాసార్లు దోషి ఫాలే.

కొలతటేపు
ఒళ్లున్నవాళ్లు పన్నాతోపాటు పొడవూ కొలవాలి. 5.5 మీటర్లంటే సుమారు 216 అంగుళాలు. తుంటి 44 అయితే మొదటి చుట్టుకు 46, వెనకగా రెండో చుట్టుకు 32, పైటకు 90. మిగిలేది 48, కుచ్చెకు 10 చొప్పున ఐదు కూడా నిండవు. తుంటి 36 అయితే ఆరు నిండుగా వస్తాయి. కుచ్చిళ్లు తక్కువైతే చీర తొడల మీద బిగుసుకుని అడ్డంగా ముడతలు పడుతుంది. 6.3 మీటర్ల చీరలో జాకెట్టు ముక్క కత్తిరించకండి, వేరే బట్ట కొనుక్కోండి. కలిసొచ్చిన 31 అంగుళాల్లో మూడు కుచ్చిళ్లు పడతాయి. అన్నీ పెట్టనక్కర్లేదు, పైట కాస్త వదులుగా తీసుకోండి.

జారుపైట
మూడు కుచ్చిళ్లంటే ఇంకో ఆరు పొరలు. మొదటి పోస్టులో పొరలే శత్రువన్నారు కదండీ!

కొలతటేపు
100 కౌంటు, గంజి వదిలింది అయితే ఆ ఆరు పొరలూ తేలవు. 40 కౌంటుకైతే మీరన్నదే నిజం. అప్పుడు మీ జార్జెట్టే కట్టమనండి, నూలు పావడా మీద.

జారుపైట
పెళ్లికి ముందురోజు కొన్న చీరకు గంజి ఎప్పుడు వదిలించాలి?

పడుగుపేక
రంగు దిగనిదైతే ఆ రాత్రే. ముందు మూల తడిపి తెల్లగుడ్డ అద్ది చూడండి. రంగు అంటకపోతే చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గుడ్డకు రంగు అంటితే మాత్రం ఉప్పునీళ్లు ఆపుతాయని నమ్ముకోకండి. ఆ చీర పక్కనబెట్టి పాతది కట్టుకోవడమే.