సరస్సులో హేచరీ ట్రౌట్, సహజ ట్రౌట్: తేడా ఎలా పట్టాలి?

ఒడ్డుమీద
నేను వెళ్లే సరస్సులో ఏటా హేచరీలో పెంచిన బ్రౌన్ ట్రౌట్ చేపల్ని వదులుతారు. వాగులో పుట్టి సరస్సులోకి దిగినవీ ఉన్నాయి. ఏది ఏదో ఎలా తేల్చుకుంటున్నారు? గాలానికి పడ్డాక లాగుడులో తేడా ఉందా? రుచిలో? ఇలా వదలడం వల్ల సహజ చేపకి నష్టమా?

పాతగాలం
రెక్కలు చూడండి చాలు. కాంక్రీటు తొట్లో కిక్కిరిసి పెరిగినదానికి వీపు రెక్క కురచగా, అంచు మందంగా ముడుచుకుపోయి ఉంటుంది. ఛాతీ రెక్కల్లో ముళ్లు వంకర్లు పోతాయి. తోక కొనలు అరిగి గుండ్రమవుతాయి. తోకకి ముందుండే చిన్న కండ రెక్క లేకపోతే, అది గుర్తు కోసం హేచరీలో కోసిందే.

నీలినీరు
వేలెడు పిల్లలుగా వదిలితే రెక్కలు చాలావరకు బాగుపడతాయి, అప్పుడేం చూస్తారు? కోసి చూడాలి. కండ ఎర్రగా ఉంటే సహజం, పాలిపోయి ఉంటే మేత తిన్నది. ఇన్నేళ్లలో ఈ లెక్క తప్పలేదు.

తొట్టికాపు
ఇది శుద్ధ తప్పు. హేచరీలో పనిచేసినవాణ్ణి, మేత నా చేత్తోనే చల్లాను. ఆ ఎరుపు అస్టాజాంథిన్ అనే రంగు పదార్థానిది. సరస్సులో రొయ్యజాతి పురుగుల నుంచి వస్తుంది, తొట్లో మేతలో కలుపుతారు. కలపకపోతే కండ తెలుపే. ఆ పురుగులు దొరకని సహజ చేపా పాలిపోయే ఉంటుంది.

నీలినీరు
మేత చల్లినంత మాత్రాన సరస్సు తెలిసిపోతుందా అండీ? నేను కోసినవాటిలో పొట్టనిండా రొయ్యపురుగులున్న ప్రతి చేపా ఎర్రగానే ఉంది. కళ్లారా చూసింది అబద్ధమంటారా?

తొట్టికాపు
నేను మొత్తుకుంటున్నదీ అదే! ఎరుపు తిండిని బట్టి, పుట్టుకని బట్టి కాదు. హేచరీ చేప కొన్ని నెలలు అవే పురుగులు తింటే అదీ ఎర్రబడుతుంది. ఖాయంగా తేలాలంటే పొలుసు తీసి భూతద్దం కింద పెట్టండి. తొట్లో తిండికి లోటుండదు కాబట్టి మొదటి ఏడాది వలయాలు దాదాపు సమదూరంలో ఉంటాయి. వాగులో పుట్టినదానికి చలికాలపు వలయాలు ఒకదానికొకటి ఒరుసుకున్నట్టుంటాయి.

కొండవాగు
రంగు గొడవ పక్కన పెట్టండి, అసలు నష్టం సంతానంలో ఉంది. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం హుడ్ నదిలో స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ మీద అరాకి, కూపర్, బ్లౌయిన్ చేసిన అధ్యయనం 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. హేచరీలో గడిపిన ఒక్కో తరానికీ సంతానాన్ని నిలిపే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. ఇంకా వదులుదామంటారా?

పాతగాలం
అది సముద్రానికి పోయి నదికి తిరిగొచ్చే చేప. ఇక్కడ మాట సరస్సుది. చాలా సరస్సుల్లోకి గులకరాళ్ల వాగే ఉండదు, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఎక్కడ పెడుతుంది? వదలకపోతే అక్కడ ట్రౌటే ఉండదు.

కొండవాగు
ఉండకపోతేనేం? కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో చేపలే లేని సరస్సుల్లో ట్రౌట్ వదిలితే పసుపుకాళ్ల కప్పలు తుడిచిపెట్టుకుపోయాయి. కొన్నిటిలోంచి ట్రౌట్‌ని తీసేశాక కప్పలు మళ్లీ పెరిగాయి. గాలం వేసే సరదాకి ప్రతి నీటిగుంటనీ నింపాలా?

పాతగాలం
సరదా అని కొట్టిపారేయకండి. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో, చేపలకి అతుక్కుని రక్తం పీల్చే లాంప్రే దెబ్బకి లేక్ ట్రౌట్ కుప్పకూలింది. లాంప్రేని అదుపు చేస్తూ హేచరీ పిల్లల్ని వదిలాకే అక్కడ సహజ సంతతి మళ్లీ నిలబడింది.

కొండవాగు
మిగిలిన సహజ చేపలు అక్కడ ఉన్నాయి కాబట్టి! మిషిగన్ సరస్సులోనూ దశాబ్దాల పాటు వదిలారు. ఎల్‌వైఫ్ చేపల్ని తిన్న తల్లుల గుడ్లలో బి1 విటమిన్ చాలక పిల్లలు చచ్చాయి. ఆ మాట ఎందుకు ఎత్తరు?

తొట్టికాపు
ఇద్దరూ ఆగండి. హేచరీ చేప సహజ చేపతో జతకట్టి సంతానం కలుస్తుందని భయమైతే ట్రిప్లాయిడ్ వదలొచ్చు. ఫలదీకరణ కాగానే గుడ్లని ఒత్తిడికి గురిచేస్తే రెండుకి బదులు మూడు సెట్ల క్రోమోజోములతో పుడతాయి, గొడ్డు చేపలు. ఆడదానికి జన పట్టదు. కాకపోతే నీరు వేడెక్కితే అంతగా తట్టుకోలేవు.

ఒడ్డుమీద
లాగుడు గురించి ఎవరూ చెప్పలేదు. మాది గులకరాళ్ల వాగే, శరత్తులో ట్రౌట్ జంటలు అక్కడ గుంటలు తవ్వడం చూశాను.

కొండవాగు
అయితే అక్కడ పునరుత్పత్తి చేయగల చేపని వదలడం ఆపాల్సిందే. ఇంకో మాట లేదు.

నీలినీరు
తొట్టికాపు గారూ, పొలుసు ఎక్కడిది తీయాలి?

తొట్టికాపు
వీపు రెక్క వెనక, చేప పక్కన పొడుగునా కనిపించే పక్కగీతకి కాస్త పైన. ఊడి మళ్లీ మొలిచిన పొలుసుకి నడిమి వలయాలుండవు, అందుకని ఒక్కటి కాదు, నాలుగైదు తీయండి.