అంతరిక్ష వైద్యంలోకి రావాలంటే ఎంబీబీఎస్ తర్వాత ఏ దారి పట్టాలి?

ప్రశ్న: గోదావరి హౌస్ సర్జన్

అందరికీ నమస్కారం. కాకినాడలో హౌస్ సర్జన్‌గా చేస్తున్నాను. ఇంకొన్ని నెలల్లో పూర్తవుతుంది, ఆ తర్వాత నీట్ పీజీ. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు చుట్టూ అందరూ రాకెట్ గురించి మాట్లాడుకుంటుంటే, నా మనసు మాత్రం ఆయన చేసిన కండర కణాల ప్రయోగం మీద నిలిచిపోయింది. భారం తెలియని చోట కండరం ఎందుకు తగ్గిపోతుంది, మళ్లీ పెరగనివ్వకుండా అడ్డుపడుతున్నది ఏమిటి అన్నది అందులోని ప్రశ్న. అప్పటి నుంచి డ్యూటీ లేని రాత్రుల్లో ఇదే చదువుతున్నాను.

ఇంట్లో జనరల్ మెడిసిన్ గానీ రేడియాలజీ గానీ తీసుకోమంటున్నారు. "ఆ చదువు చదివితే మన జిల్లాలో ఏ ఆసుపత్రి ఉద్యోగం ఇస్తుందమ్మా?" అని నాన్న అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. మన దేశంలో ఈ చదువు ఎక్కడ ఉంది? సైన్యంలో చేరకుండా కుదురుతుందా? అమెరికా వెళ్లక తప్పదా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ శాఖలో ఉన్న డాక్టర్ రోజూ చేసే పని ఏమిటి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: పీజీ కోచింగ్‌లో ఉన్నవాణ్ణి

అమెరికా పరీక్షలు రాసి వెళ్లడం ఒక్కటే మార్గం. ఇక్కడ ఇస్రో మనుషులను పంపబోయే గగన్‌యాన్ కోసం ఎంపికైనవాళ్లే నలుగురు. నలుగురికి ఎంతమంది డాక్టర్లు కావాలి? ర్యాంకు బాగా వస్తే రేడియాలజీ వదులుకోకండి.

జవాబు: వాయుసేన విశ్రాంత వైద్యుడు

అమ్మా, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు మీకు నచ్చితేనే మిగతావాటితో పని.

పైన రాసిన తమ్ముడు డాక్టర్లను వ్యోమగాముల లెక్కతో కొలిచాడు. ఈ శాఖ పుట్టిందీ పెరిగిందీ విమానాల దగ్గర. రోదసి దానికి కొనసాగింపు. ఆసుపత్రిలో మన ముందుకు వచ్చేది జబ్బుపడ్డ మనిషి, అతని చుట్టూ ఉన్న గాలి, నేల, బరువు అన్నీ మామూలువే. ఇక్కడ మనిషి పూర్తి ఆరోగ్యవంతుడు, అతను వెళ్లే చోటే మామూలుది కాదు. అక్కడ ఆ శరీరం ఎంతవరకు తట్టుకుంటుందో ముందే తెలుసుకోవడం, తట్టుకునేలా తయారుచేయడం, తట్టుకోలేడనుకున్నప్పుడు వద్దని చెప్పడం మన పని.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను పైలట్ల శిక్షణ కేంద్రంలో పనిచేస్తున్న రోజుల్లో, చలికాలం ఉదయం, ఎగరబోయే కుర్రాడు ఒకడు నా ముందుకు వచ్చాడు. ఎలా ఉన్నావంటే బాగున్నాను సార్ అన్నాడు. గొంతు వింటేనే ముక్కు దిబ్బడ వేసిందని తెలిసిపోయింది. ఆటోస్కోప్‌తో చెవిలోకి చూస్తూ, ముక్కు మూసుకుని గాలి బిగించమన్నాను. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే నాళం తెరిచి ఉంటే కర్ణభేరి కొద్దిగా బయటికి ఉబుకుతుంది, దాని మీద పడిన వెలుగు జరుగుతుంది. కుడి చెవిలో జరిగింది. ఎడమ చెవిలో కదలిక లేదు.

ఇలాంటి చెవితో పైకి వెళ్లేటప్పుడు సాధారణంగా ఇబ్బంది ఉండదు. మధ్య చెవిలో వ్యాకోచించిన గాలి తనంతట తానే నాళంలోంచి బయటపడుతుంది. దిగేటప్పుడు బయటి పీడనం పెరుగుతూ ఉంటే, వాచిన నాళం తెరుచుకోదు, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. తట్టుకోలేని నొప్పి, ఒక్కోసారి తల తిరగడం. అది కూడా ఎప్పుడు? విమానాన్ని నేలకు దించే సమయంలో. ఆ రోజు ఎగరవద్దని రాశాను. తొలిసారి ఒంటరిగా ఎగిరే రోజు దగ్గర పడుతున్న కుర్రాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ఒక్క మాట మాట్లాడలేదు.

జలుబుకు మందు ఏ డాక్టరైనా రాస్తాడు. ఆ కుర్రాడికి మళ్లీ జలుబు చేస్తే, నేను కనిపెట్టక ముందే వాడు వచ్చి చెప్పేలా నమ్మకం సంపాదించడం ఈ శాఖ డాక్టర్ పనిలో సగం. ఎగరడానికి తగడని రాసే కలం ఎవరి చేతిలో ఉందో వారి దగ్గర జబ్బు దాచాలని ఎవరికైనా అనిపిస్తుంది. పైలట్లకైనా వ్యోమగాములకైనా ఇది ఒకటే. పుస్తకాల్లో దీనికి రెండు పేరాలు కూడా ఉండవు. నా ఉద్యోగమంతా దీనితోనే గడిచింది.

ఇక చదువు. బెంగళూరులో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. వాయుసేనకు చెందిన ఈ సంస్థ 1957లో మొదలైంది. రాకేశ్ శర్మకూ, ఆయనకు బదులుగా సిద్ధం చేసిన రవీశ్ మల్హోత్రాకూ వైద్య పరీక్షలు జరిగింది అక్కడే. గగన్‌యాన్ పైలట్ల ఎంపిక పరీక్షలూ అక్కడే. ఎం.డి. ఏరోస్పేస్ మెడిసిన్ మూడేళ్ల కోర్సు, కర్ణాటకలోని రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధం. సీట్లు చాలా తక్కువ, సైనిక వైద్య సేవల్లో ఉన్నవారికే మొదటి ప్రాధాన్యం. అందుకని ఎక్కువమంది నడిచే దారి ఇది: ఎంబీబీఎస్ తర్వాత షార్ట్ సర్వీస్ కమిషన్‌లో (సైన్యంలో పరిమిత కాలపు అధికారి ఉద్యోగం) చేరడం, వాయుసేన స్థావరాల్లో కొన్నేళ్లు పనిచేయడం, ఆ తర్వాత ఎం.డి. ఆడపిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది.

అక్కడి సెంట్రిఫ్యూజ్‌ను చూస్తే మీరు మెడికల్ కాలేజీలో చదివిన శరీరధర్మ శాస్త్రం కళ్ల ముందు జరుగుతుంది. పొడవాటి చేయి చివర చిన్న గది, అందులో మనిషి కూర్చుంటాడు, చేయి తిరుగుతుంది. అయిదు జీ దగ్గర శరీరం అయిదింతల బరువు తూగుతుంది, రక్తం కాళ్లలోకి దిగిపోతుంది. ముందు చూపు అంచులు బూడిదరంగుకు తిరుగుతాయి. తర్వాత పూర్తిగా నల్లబడుతుంది. విచిత్రం ఏమిటంటే అప్పటికీ మనిషికి స్పృహ ఉంటుంది, మన మాట వినిపిస్తూనే ఉంటుంది. కంటిగుడ్డు లోపల దానికంటూ కొంత పీడనం ఉంటుంది కాబట్టి, దాన్ని దాటి రెటీనాలోకి వెళ్లలేని రక్తం మెదడుకు ఇంకా కాస్త అందుతూనే ఉంటుంది. ఆ తర్వాత అదీ ఆగిపోతే స్పృహ పోతుంది. కాళ్లూ పొట్టా బిగించి, ఊపిరి బిగబట్టి, సుమారు మూడు సెకన్లకు ఒకసారి చటుక్కున వదిలి పీల్చడం పైలట్లకు అందుకే నేర్పిస్తాం. బయట తెర మీద ఆ ముఖాన్ని చూస్తూ ఎప్పుడు ఆపమనాలో నిర్ణయించేది డాక్టరే.

యూనిఫాం వద్దనుకుంటే దారి సన్నబడుతుంది, మూసుకుపోదు. పౌర విమానాల పైలట్లకు వైద్య పరీక్షలు చేసే అధికారం పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్లకు ఉంటుంది, దానికి విమానయాన వైద్యంలో శిక్షణ పొందాలి. పరిశోధన మీద మనసుంటే ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి శరీరధర్మ ప్రయోగశాల డీపాస్ ఉంది. ప్రాణవాయు వ్యవస్థల మీద పనిచేసే డెబెల్ బెంగళూరులో, గగన్‌యాన్‌కు ఆహారం తయారుచేసే ప్రయోగశాల మైసూరులో ఉన్నాయి. ఇస్రో మానవ అంతరిక్ష యాన కేంద్రం 2019 నుంచి బెంగళూరులో నడుస్తోంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థతో అంతరిక్ష వైద్యం మీద ఇస్రో 2025లో ఒప్పందం చేసుకుంది. దీన్ని నేను చాలా పెద్ద విషయంగా చూస్తాను, ఎందుకంటే అది సైనిక సంస్థ కాదు.

మీ నాన్నగారు అడిగింది న్యాయమైన మాట. ఈ డిగ్రీతో కాకినాడలో నర్సింగ్ హోమ్ నడపలేరు. ఉద్యోగం స్థావరాల్లో, విమానయాన సంస్థల్లో, పరిశోధనశాలల్లో ఉంటుంది. సొంత ఊరికి దూరంగా ఉండాల్సి వస్తుంది. ఆయనకు అది దాచకుండా చెప్పండి.

జవాబు: టెక్సాస్ నుంచి తెనాలి అక్క

డాక్టరు గారు అంత వివరంగా రాశాక నేను అమెరికా సంగతి మాత్రం చెబుతాను. నేను ఇక్కడ ఇంటర్నల్ మెడిసిన్ చేస్తున్నాను. మా దగ్గర గాల్వెస్టన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఏరోస్పేస్ మెడిసిన్ రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) ఉంది, హ్యూస్టన్ నాసా కేంద్రానికి దగ్గర కావడంతో దానికి మంచి పేరు. అనిల్ మేనన్ ఈ దారిలోనే వచ్చారు. ఎమర్జెన్సీ వైద్యుడు, స్పేస్ఎక్స్‌కు మొదటి ఫ్లైట్ సర్జన్ (ఎగిరేవాళ్ల ఆరోగ్యం చూసుకునే డాక్టర్), 2021లో నాసా వ్యోమగామిగా ఎంపికయ్యారు. అయితే చెల్లీ, ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. నాసా నేరుగా ఇచ్చే ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం అడుగుతారు. మన దగ్గరి నుంచి పరీక్షలు రాసి వచ్చి, రెసిడెన్సీ చేసి, వీసాల వరుసలో నిలబడి అక్కడికి చేరేసరికి చాలా ఏళ్లు పడుతుంది. కాబట్టి "అమెరికా ఒక్కటే మార్గం" అన్న మాటతో నేను ఏకీభవించను.

ఒక కేసు గురించి మాత్రం చెప్పాలి. 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది, తప్పకుండా చదవండి. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి రక్తనాళాల పరిశోధన కోసం మెడకు అల్ట్రాసౌండ్ చేసుకుంటుంటే ఎడమ జుగులర్ సిరలో గడ్డ కనిపించింది. అప్పటికి వెళ్లి రెండు నెలలు. బాధ ఏమీ లేదు, ఆ పరిశోధన లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ప్రోబ్ పట్టుకున్నది పైన ఉన్న మనిషి, ఎటు తిప్పాలో చెప్పింది కింద ఉన్న రేడియాలజిస్టు.

ఇప్పుడు మీ క్యాజువాలిటీని మనసులో పెట్టుకుని ఆలోచించండి. పైన మందుల పెట్టెలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ సీసాలు కొన్నే ఉన్నాయి, సిరంజీలు లెక్కగా ఉన్నాయి. భారం లేని చోట సీసా తలకిందులు చేస్తే మందు మూత వైపు దిగదు. గాజుకు అంటుకుని, గాలితో కలిసిపోయి ఉంటుంది. సిరంజీలోకి లాగడమే ఒక పని. తర్వాతి సరుకుల నౌక వచ్చేదాకా సరిపోవాలని మధ్యలో మోతాదు తగ్గించారు. ఆ నౌకలో అదే పనిచేసే అపిక్సాబాన్ మాత్రలు వచ్చాక వాటికి మార్చారు. నేలకు దిగిన పది రోజులకు చూస్తే గడ్డ జాడ లేదు. కాళ్లలోకి దిగాల్సిన రక్తం తల వైపే ఉండిపోతే మెడ సిరల్లో ప్రవాహం మందగించవచ్చని, కొందరిలో వెనక్కి కూడా మళ్లుతుందని 2019లోనే మరో అధ్యయనం చెప్పింది. పదకొండు మందిని చూస్తే ఆరుగురిలో అలా కనిపించింది.

ఈ కేసును నడిపినవాళ్లలో రేడియాలజిస్టు ఉన్నారు, రక్తం గడ్డల నిపుణుడు ఉన్నారు, ఫ్లైట్ సర్జన్లు ఉన్నారు. మీ ఇంట్లో చెప్పిన రేడియాలజీ కూడా ఈ శాఖకు పరాయిది కాదు. నాసా మానవ పరిశోధన విభాగం తమకు జవాబు దొరకని ప్రశ్నల పట్టికను అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. కంటి నరం వాపు, తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా పలచబడటం, రేడియేషన్, ఒంటరితనం, అన్నీ ఉంటాయి. చదివి, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదో చూసుకోండి.

జవాబు: ఉస్మానియా బయోటెక్

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. డాక్టర్ చదవనివాళ్లకు ఇందులో చోటు ఉందా?

జవాబు: టెక్సాస్ నుంచి తెనాలి అక్క

తప్పకుండా ఉంది. ఈ ప్రశ్న మొదలుపెట్టిన చెల్లి చెప్పిన కండర కణాల ప్రయోగాన్ని తయారుచేసింది బెంగళూరులోని మూలకణ పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్ శాస్త్రవేత్తలు. 2021 జూలైలో మన గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ నౌకలో వెళ్లినప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగం చేశారు. ఆమె ఏరోస్పేస్ ఇంజనీరు. నౌకలు, ఉపగ్రహాల నుంచి వచ్చిన జీవశాస్త్ర దత్తాంశాలను నాసా అందరికీ ఉచితంగా ఇస్తోంది, ఉస్మానియాలో కూర్చుని కూడా విశ్లేషించవచ్చు. ఎం.ఎస్‌సీ ప్రాజెక్టుకు అదే తీసుకోండి.

మళ్లీ అడుగుతున్నాను: గోదావరి హౌస్ సర్జన్

సార్, అక్కా, ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు జవాబులూ నాన్నకు చదివి వినిపించాను. "దాచకుండా చెప్పారు, మంచివాళ్లు" అన్నారు. ఆయనకు ఇప్పుడు ఒకటే సందేహం: ఎం.డి. ఏరోస్పేస్ సీటు ఎప్పటికీ రాకపోతే? నాకు ఒక సందేహం: డాక్టర్లు నిజంగా పైకి వెళ్లారా?

జవాబు: వాయుసేన విశ్రాంత వైద్యుడు

మీ సందేహం ముందు. 1964లోనే బోరిస్ యెగొరోవ్ అనే సోవియట్ వైద్యుడు వోస్ఖోద్ నౌకలో వెళ్లాడు. వలేరి పొల్యకోవ్ కూడా డాక్టరే. 1994 జనవరి నుంచి 1995 మార్చి దాకా రష్యా వారి మీర్ అంతరిక్ష కేంద్రంలో ఏకబిగిన 437 రోజులు ఉన్నాడు. అంగారకుడి దాకా మనిషి శరీరం నిలబడుతుందా అన్నది తన శరీరం మీదే చూశాడు. దిగాక తన కాళ్ల మీద తాను నడిచాడు. ఇంతకంటే నిండైన వైద్య పరిశోధన నాకు తెలియదు.

నాన్నగారి సందేహానికి: సీటు రాకపోయినా చేతిలో మిగిలే చదువు తీసుకోండి. ఎమర్జెన్సీ మెడిసిన్, జనరల్ మెడిసిన్, ఫిజియాలజీ, కంటి వైద్యం, మీ ఇంట్లో చెప్పిన రేడియాలజీ, వీటిలో ఏది చదివినా తర్వాత ఈ శాఖలోకి రావచ్చు, కాకినాడలోనూ ఉద్యోగం ఉంటుంది. నన్ను అడిగితే ఎమర్జెన్సీ అంటాను, కానీ మీరు ఏ డ్యూటీలో అలసట మరిచిపోతారో అదే తీసుకోండి.

ఈ లోపు, క్యాజువాలిటీలో ఉన్నన్నాళ్లూ అల్ట్రాసౌండ్ ప్రోబ్ చేతికి అలవాటు చేసుకోండి. సీనియర్లను అడిగి మెడ సిరలు, గుండె, ఊపిరితిత్తులు చూడటం నేర్చుకోండి. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ పాత సంచికలు చదవండి. మన పైలట్ల మీద మన డాక్టర్లు చేసిన పని అందులో ఉంది. సైనిక వైద్య సేవల షార్ట్ సర్వీస్ ప్రకటన వచ్చినప్పుడు వయోపరిమితి, ఇతర నిబంధనలు ఆ సంవత్సరం ప్రకటనలోనే చూసుకోండి, ఎవరో చెప్పిన పాత లెక్కలు నమ్మవద్దు. ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఇక్కడ ఒక మాట రాయండి, ఫోనులో మాట్లాడదాం.