అపార్ట్‌మెంట్లకు నేరుగా కూరగాయలు: ఉమ్మడి సాగు సంఘం లెక్క ఎలా వేసుకోవాలి?

కూరమడి అడిగిన ప్రశ్న:

చేవెళ్ల దగ్గర పన్నెండు మంది ఆడవాళ్లం కలిసి మూడెకరాల కౌలు భూమిలో సాగు చేస్తున్నాం. బోరు, డ్రిప్పు ఉన్నాయి. టమాట, వంకాయ, బెండ, బీర, ఐదు రకాల ఆకుకూరలు పెడతాం. మందులు కొట్టం, ఘనజీవామృతం (పేడతో చేసే ఎరువు), కషాయాలే. ఇప్పుడు సరుకంతా బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోతోంది. అక్కడ మందులు కొట్టిన సరుకుకూ మాదానికీ ఒకటే ధర. పైగా కమీషన్, హమాలీ, తరుగు, ఆటో కిరాయి. నార్సింగి వైపు రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లు, కలిపి అరవై ఇళ్ల దాకా, వారానికోసారి తెమ్మంటున్నారు. ధర ఎలా పెట్టాలి? సేంద్రియం అని రాసుకోవచ్చా? మిగిలిన సరుకు ఏం చేయాలి?

విత్తులసంచి జవాబు:

ధర సంగతి తర్వాత, ముందు ఎంత సరుకు కావాలో చూడండి. నలుగురున్న ఇల్లు మీ దగ్గర వారానికి మూడు, మూడున్నర కిలోల కాయలు, నాలుగు కట్టల ఆకుకూర తీసుకుంటుంది అనుకుందాం. అరవై ఇళ్లకు 200 కిలోలు, 240 కట్టలు. అంత సరుకు ఒక్క వారం ఇవ్వడం తేలికే. ప్రతి వారం ఇవ్వాలంటే విత్తడం మారాలి. పాలకూర తొలి కోతకు నెల పడుతుంది, మెంతికూర 20 నుంచి 25 రోజుల్లో పీకేయాలి, కొత్తిమీరకు దగ్గర దగ్గర 40 రోజులు. ఒకేసారి అరెకరం చల్లితే మొదట కుప్పలు, తర్వాత ఖాళీ. వారానికో చిన్న మడి చొప్పున చల్లండి. ఎండాకాలం షేడ్‌నెట్ (నీడ వల) లేకుండా కొత్తిమీర నమ్ముకోవద్దు, సరిగా మొలవదు. ఆ మూడు నెలలు తోటకూర, బచ్చలి, గంగవాయిలి ఇస్తామని ఇప్పుడే చెప్పి పెట్టండి.

బెండతో ఇంకో చిక్కు. రోజు విడిచి రోజు కోయాల్సిందే, వారానికోసారి శనివారమే ఇద్దామని ఆగితే పీచు పడుతుంది. అంటే వారంలో మూడు కోతలుంటే ఆర్డర్లకు అందేది ఒక్కటే. అందుకే ఒక అపార్ట్‌మెంట్‌కు బుధవారం, ఇంకోదానికి శనివారం పెట్టుకుంటే నయం అంటాను.

కోత విషయంలో ఒక్క మాట. ఆకుకూర ముందు రోజు ఎండ తగ్గాక కోసి, నీడలో కట్టలు కట్టి, తడిపి పిండిన గోనె కప్పండి. నీళ్లలో ముంచి క్రేట్లో పేర్చితే తెల్లారేసరికి అడుగు కట్టలు జిగురొస్తాయి. బెండ తడిస్తే మచ్చలు పడి నల్లబడుతుంది. టమాట సగం దోరవి, సగం పండువి వేయండి, వారమంతా వాడుకునే ఇల్లు అది. పండువి పై క్రేట్లో పెట్టండి. క్రేటు అంచుదాకా నింపితే పై క్రేటు బరువుకు చితుకుతాయి, రెండు వేళ్ల ఖాళీ ఉంచండి.

తక్కెడ జవాబు:

విత్తులసంచి గారు విత్తడం గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రెండు రోజుల మాట దగ్గరే నాకు అభ్యంతరం, ఎందుకో అంకెల్లో చెప్తాను. అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి.

వంకాయ మార్కెట్లో కిలో 20 రూపాయలు పలికి, ఖర్చులన్నీ పోగా చేతికి 15 వస్తోందనుకుందాం. బయట దుకాణంలో 40. మీరు 32 పెట్టారు. ఆటో ఒక ట్రిప్పుకు 1,500, అందులో ఆకుకూరల వాటా తీసేస్తే 200 కిలోల మీద 1,000 పడుతుంది, కిలోకు 5. ఏరడం, తూచడం, ఇంటింటి సంచి కట్టడం కూలి కిలోకు 5. సంచి, వాడిపోయింది, తిరిగొచ్చింది కలిపి 4. మిగిలేది 18. మార్కెట్ కంటే 3 ఎక్కువ, అంతే. ఇదే సరుకును రెండు రోజులకు విడగొడితే ఆటో కిలోకు 10 అవుతుంది, మిగిలేది 13. మార్కెట్‌కు వేయడమే మేలు! దళారీ చేసే పని మీ నెత్తికొస్తుంది, దానికి కూలి రాసుకోకపోతే లాభంలా కనిపిస్తుంది. సంఘాల్లో గొడవలు మొదలయ్యేది ఇక్కడే: సంచులు కట్టే నలుగురికి కూలి లేకుండా, పంపకం మాత్రం పన్నెండు మందికీ సమానంగా ఉంటే ఎన్నాళ్లో సాగదు.

రెండో రోజు కావాలంటే అదే ఆటోకు ఇంకో పని ఉండాలి. పొద్దున మెహిదీపట్నం రైతుబజారు, సాయంత్రం అపార్ట్‌మెంట్. ఆర్డర్ సంచులు మాత్రం పొద్దున్నే వేరు చేసి నీడలో ఉంచాలి, బజారులో ఏరగా మిగిలింది వాళ్లకు ఇవ్వకూడదు.

ధర రోజూ మార్చొద్దు. మూడు నెలలకు ఒకే ధర, నెల డబ్బు ముందే. టమాట బయట 100 ఉన్నప్పుడు మీ గేటు దగ్గర వరుస కడతారు, 10కి పడగానే కనిపించరు. ముందు కట్టిన ఇల్లు రెండు కాలాల్లోనూ ఉంటుంది. వాట్సాప్‌లో ఆర్డర్లు కోతకు ముందు రాత్రి కాదు, రెండు రాత్రుల ముందే ఆపేయండి, అప్పుడే ఎంత కోయాలో తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా వేయించండి. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు.

గట్టుజొన్న జవాబు:

సేంద్రియం గురించి. సేంద్రియ ఆహారంపై 2017 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనల్లో రైతు గానీ రైతుల సంఘం గానీ తినేవాళ్లకే నేరుగా అమ్మితే ధ్రువీకరణ నుంచి మినహాయింపు ఉంది. జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ సేంద్రియ గుర్తు మాత్రం ధ్రువపత్రం లేకుండా వేయకూడదు. అపార్ట్‌మెంట్ కింద ఉన్న దుకాణానికి వేస్తే అది నేరుగా అమ్మకం కాదు. మీకు సరిపోయేది పీజీఎస్ పద్ధతి, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే సేంద్రియ ధ్రువీకరణ. కనీసం ఐదుగురు రైతుల బృందం ఉండాలి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేస్తారు. మారే దశలో ఉన్నన్నాళ్లు పీజీఎస్ గ్రీన్, తర్వాత పూర్తి సేంద్రియం. ధ్రువీకరణ ఆ నేలకు కాబట్టి ఏడాది కౌలు మీద మొదలుపెట్టొద్దు, భూమి మారితే మళ్లీ మొదటికే. కనీసం మూడు నాలుగేళ్లకు కాగితం రాయించుకోండి. పక్క చేలో మందు కొడితే గాలికి మీ మీదికే వస్తుంది, గట్టు వెంట నాలుగు సాళ్లు జొన్న ఒత్తుగా వేయండి.

రైతుబజార్లు 1999 నుంచీ ఉన్నాయి, కమీషన్ లేదు, కానీ ధర బోర్డు మీద రాసిందే. మందు లేదని ఎక్కువ అడగలేరు. కాబట్టి అది మిగులు సరుకుకు. రైతుబజారు కార్డు ఇచ్చే ముందు పొలంలో ఏం ఉందో అధికారులు చూస్తారు. పాసుపుస్తకం భూయజమాని పేరున ఉంటుంది కనుక కౌలు కాగితం చూపితే సరిపోతుందా అని బజారు ఎస్టేట్ ఆఫీసర్‌ను ముందే అడగండి.

ముదరని వంకాయ, బెండ మిగిలితే ఒరుగులు పెట్టుకోవచ్చు. అవైనా, గోంగూర పచ్చడైనా అమ్మాలంటే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు, ఎందుకంటే అది ఇక పంట కాదు, తయారుచేసిన ఆహారం.

కూరమడి:

తక్కెడ గారు చెప్పిన లెక్క మా అంకెలతో వేశాం. ఆటో ఖర్చే దెబ్బ కొడుతోంది. శనివారం ఒక్కరోజే మొదలుపెడతాం. బంతి కూడా కొంచెం వేస్తే ఆటో నిండుతుందా?

విత్తులసంచి:

నిండుతుంది, బతుకమ్మ, దసరా వారాల్లో. నారు నాటిన రెండు నెలలకు పూలు కోతకొస్తాయి కనుక పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి నాటండి. నారుకు ఇంకో మూడు, నాలుగు వారాలు కలపండి. పది గుంటలు మించొద్దు, పండగ దాటిన మర్నాడు పూల ధర పడిపోతుంది.