బ్లాక్‌కరెంట్‌ని ‘నల్ల ఎండుద్రాక్ష’ అనొచ్చా?

ప్రశ్న: ఒక ఆరోగ్య వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. బ్లాక్‌కరెంట్ అన్నచోటల్లా ‘నల్ల ఎండుద్రాక్ష’ అని రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు: దయచేసి అలా రాయకండి. ఇవి రెండు వేరువేరు పళ్లు. ద్రాక్షది తీగ. బ్లాక్‌కరెంట్‌ది రైబీస్ నైగ్రమ్ అనే పొద. పళ్లు చిన్నగా, నల్లగా గుత్తులుగా వేలాడతాయి. ఒక్కో పండు కొసన ఎండిపోయిన పువ్వు అంటుకునే ఉంటుంది. నోట్లో వేసుకుంటే పులుపు, వెనకే వగరు.

‘కరెంట్’ అనే పేరు మాత్రం మొదట ద్రాక్షదే. గ్రీసులోని కోరింత్ పేరు మీద చిన్న నల్ల ఎండుద్రాక్షని అలా పిలిచేవారు. చూడ్డానికి అలాగే ఉందని ఈ పొదపండుకీ అదే పేరు తగిలించారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పేరు మారిస్తే పోషకాల లెక్కలన్నీ తప్పుతాయి. 100 గ్రాముల తాజా బ్లాక్‌కరెంట్‌లో విటమిన్ సి సుమారు 180 మిల్లీగ్రాములు. రెండో ప్రపంచయుద్ధంలో నారింజలు దొరక్క బ్రిటన్ తన పిల్లలకు దీని సిరప్‌ని ఉచితంగా పంచింది అందుకే. ఎండుద్రాక్షలో ఆ విటమిన్ నామమాత్రం, బరువులో సగానికి పైగా చక్కెరే. మీ వ్యాసం చదివి షుగర్ ఉన్నవాళ్లెవరైనా రోజూ గుప్పెడు తింటే ఎలా?

ప్రశ్న: నిజమే. మరి ‘కీళ్లనొప్పులకు మందు’ అన్న వాక్యం?

జవాబు: అది పండు గురించో, ఆకు గురించో ముందు చూసుకోండి. యూరప్‌లో ఎండుటాకుల కషాయాన్ని కొద్దిపాటి కీళ్లనొప్పులకీ, మూత్రం సాఫీగా రావడానికీ తాగుతారు. అక్కడి మందుల్ని పరిశీలించే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కూడా దాన్ని సంప్రదాయ వాడకంగా గుర్తించింది. ఏళ్ల తరబడి వాడుతున్నారన్నదే దానికి ఆధారం, క్లినికల్ ట్రయల్స్ కాదు. అందుకే ‘నయం చేస్తుంది’ అనకుండా ‘ఉపశమనానికి వాడతారు’ అనండి. గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉండి నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు ఆ కషాయం తాగకూడదు. వ్యాసం ఎంత కుదించినా ఆ ముక్క మాత్రం తీసెయ్యకండి.

గింజల నూనె ఇంకో సంగతి. అందులో గామా లినోలెనిక్ ఆమ్లం అనే ఒకరకం కొవ్వు ఆమ్లం ఉంటుంది. పండుకీ, ఆకుకీ, నూనెకీ కలిపి ‘బ్లాక్‌కరెంట్ సారం’ అనేస్తే దేని గుణం దేనిదో చదివేవాళ్లకి తెలీదు.

మరొకరు: ‘నల్ల కరెంటు’ అంటేనో?

జవాబు: కరెంటంటే మనకి విద్యుత్తే కదండీ! బ్లాక్‌కరెంట్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘పొదకు కాసే పుల్లటి నల్ల పండు, ద్రాక్ష కాదు’ అని చేర్చండి చాలు.