డెస్క్‌లో ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎక్కడికి పంపాలి?

కౌంటర్‌వాలా: మాది డయాగ్నస్టిక్ సెంటర్. ఫోన్లకి ఫ్రీపీబీఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. డెస్క్‌లో మూడు ఎక్స్‌టెన్షన్లు ఒక రింగ్ గ్రూపు, 20 సెకన్లు మోగుతాయి. ఎవరూ ఎత్తకపోతే టెక్నీషియన్ల మొబైల్స్‌కి వెళ్లేలా పెడదామంటే వాళ్లు ఒప్పుకోవట్లేదు. వాయిస్‌మెయిల్ పెడితే పేషెంట్లు ఏమీ చెప్పకుండానే పెట్టేస్తున్నారు. ఏది మంచిది?

పాతతీగ: 20 సెకన్లు చాలవు. 35 పెట్టండి. డెస్క్ అమ్మాయి బిల్లు కొట్టి, చిల్లరిచ్చి, ఫోన్ దగ్గరికి చెయ్యి చాపేసరికి కాల్ జారిపోతుంది.

రూటుమాస్టారు: సెకన్లు తర్వాత. మీ ట్రంకులో, అంటే బయటి లైన్‌లో, ఎన్ని ఛానెళ్లు? ఒక్కో ఛానెల్‌కి ఒకసారికి ఒక్క కాలే. వచ్చిన కాల్‌ని మళ్లీ బయటి మొబైల్‌కి పంపితే రావడానికొకటి, పోవడానికొకటి, రెండు పడతాయి. పీఆర్ఐ అనే డిజిటల్ లైన్‌లో 30 ఉంటాయి కాబట్టి నొప్పి తెలియదు. డేటా లైన్ మీద నడిచే నాలుగు ఛానెళ్ల సిప్ ట్రంకైతే రెండు కాల్స్ మొబైల్స్‌కి మళ్లాయంటే మూడో పేషెంటుకి బిజీనే.

కౌంటర్‌వాలా: మాది నాలుగే. కానీ అవుట్‌బౌండ్ రూట్‌లో రెండో ట్రంకు కూడా పెట్టాం సార్.

రూటుమాస్టారు: ఆ వరస మీరు బయటికి చేసే కాల్స్‌కి. మొదటి ట్రంకు దొరక్కపోతే రెండోది పట్టుకుంటుంది, అంతే. మీ నంబరుకి వచ్చే కాల్‌ని అది కాపాడదు. యూపీఎస్ దిగిపోయి ఫ్రీపీబీఎక్స్ పెట్టె ఆగిపోతే అందులో రాసిన రూల్స్ అన్నీ దాంతోపాటే ఆగిపోతాయి. ఇన్‌కమింగ్‌కి ఫెయిలోవర్ నంబరు, అంటే పెట్టె ఆగితే కాల్ వెళ్లే నంబరు, ప్రొవైడర్ వైపే పెట్టించుకోవాలి.

పాతతీగ: అవన్నీ సరే. 20 చాలవు అంటున్నా.

నైట్‌షిఫ్టు: నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పాత సెంటర్‌లో నా మొబైల్ ఇలాగే కలిపారు. ‘ఎమర్జెన్సీ అయితేనే’ అన్నారు. రాత్రి పదకొండింటికి ఫోన్: ‘షుగర్ టెస్టుకి టీ తాగొచ్చా?’ అని. ఎత్తకపోతే పొద్దున మేనేజరు సీడీఆర్, అంటే కాల్స్ లిస్టు, ప్రింటు తీసి, నా నంబరు పక్కన ‘నో ఆన్సర్’ ఉన్నచోటల్లా ఎర్రపెన్నుతో గీసి టేబుల్ మీద పెట్టేవాడు.

రూటుమాస్టారు: రింగ్ గ్రూపులో కన్ఫర్మ్ కాల్స్ ఉంది కదా. ఒకటి నొక్కితేనే కాల్ కలుస్తుంది. మీ ఇష్టమే.

నైట్‌షిఫ్టు: ఒకటి నొక్కాలంటే ముందు నిద్రలేవాలి కదా మాస్టారూ.

రూటుమాస్టారు: మీ మేనేజరు మీద కోపం సిస్టమ్ మీద చూపిస్తే ఎలా?

గోడమీదపిల్లి: ఇంతకీ సెంటర్ ఎన్నింటికి మూస్తారో ఎవరైనా అడిగారా?

కౌంటర్‌వాలా: ఎనిమిదికి. పగలు ఇబ్బంది లేదు, రాత్రి కాల్సే పోతున్నాయి.

గోడమీదపిల్లి: అయితే మనిషే లేని డెస్క్ 35 సెకన్లు మోగితే ఏంటి, గంట మోగితే ఏంటి?

నైట్‌షిఫ్టు: ఇప్పటికి బయటపడింది. రాత్రికి మనిషిని పెట్టరు. ఆ పని జీతం లేకుండా మా ఫోన్ల మీద వేస్తారు. దానికి పేరు ఫాల్‌బ్యాక్.

కౌంటర్‌వాలా: మీకేం, అంటారు. రాత్రి నాలుగు కాల్స్ కోసం ఇంకో జీతమా? చిన్న సెంటర్ నడిపితే తెలుస్తుంది.

నైట్‌షిఫ్టు: నాలుగే కదా, మీ మొబైల్‌కే మళ్లించుకోండి మరి.

రూటుమాస్టారు: అది మాత్రం న్యాయమే. ఎనిమిది తర్వాత కాల్స్ వేరే నంబరుకి వెళ్లేలా టైమ్ కండిషన్ పెట్టండి. దానికి సెంటర్ పేరు మీద ఒక ఫోన్, ఒక సిమ్. వారానికొకరు ఇంటికి తీసుకెళ్లాలి, ఆ వారం వాళ్లకి అలవెన్సు. సొంత నంబర్లు సిస్టమ్‌లో ఎక్కించొద్దు.

కౌంటర్‌వాలా: సిమ్ రేపే తీసుకుంటా. అలవెన్సు సంగతి పార్ట్‌నర్‌ని అడగాలి.

నైట్‌షిఫ్టు: అడిగాకే సిమ్ కొనండి.