అప్‌డేట్: 1946 నార్తర్న్ లీగ్, 1947 రెండో డివిజన్ ఒకటేనా?

బ్రిటిష్ స్పీడ్‌వేలో (జట్ల మధ్య జరిగే మోటార్‌సైకిల్ పందేల క్రీడ) యుద్ధానంతర రెండో శ్రేణి 1946లో మొదలైందా, 1947లోనా అని, అందులో అగ్రస్థానం దక్కిన జట్టు వెంటనే పై డివిజన్‌కు వెళ్లేదా అని గతంలో అడిగాను. సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మీ సూచన మేరకు రెండు సీజన్ల జట్లను పక్కపక్కన పెట్టి చూశాక సందేహం తీరింది. 1946లో నార్తర్న్ లీగ్ పేరుతో మిడిల్స్‌బ్రో, షెఫీల్డ్, నారిచ్, బర్మింగ్‌హామ్, న్యూకాజిల్, గ్లాస్గో పోటీపడగా, ఆ ఆరు జట్లకే బ్రిస్టల్, విగన్ తోడై 1947లో అది నేషనల్ లీగ్ రెండో డివిజన్‌గా మారింది. రెండుసార్లూ విజేత మిడిల్స్‌బ్రోనే. పేరులోని ‘ఉత్తర’ చూసి అది ప్రాంతీయ పోటీ అని పొరబడ్డాను, కానీ ఇంగ్లండ్ తూర్పున ఉన్న నారిచ్ కూడా అందులో ఉంది. నిజానికి వెంబ్లీ, బెల్ వ్యూ వంటి జట్లున్న నేషనల్ లీగ్‌కు దిగువ మెట్టు అదే.

నన్ను ఎక్కువగా కదిలించింది మిడిల్స్‌బ్రో కథ. బ్రేకులు లేని బండ్లపై నాలుగేసి ల్యాపుల పందేలతో వరుసగా రెండు టైటిళ్లు గెలిచిన ఆ జట్టు 1949 నాటికి తన మైదానమైన క్లీవ్‌లాండ్ పార్క్‌ను విడిచింది, దాని రైడర్లు న్యూకాజిల్‌కు తరలిపోయారు. 1948, 1949 టైటిళ్లు బ్రిస్టల్‌వి. అయినా 1949లో పై డివిజన్‌కు వెళ్లింది బర్మింగ్‌హామ్. బ్రిస్టల్ వంతు 1950లో వచ్చింది. అంటే అగ్రస్థానం దక్కినంత మాత్రాన వెంటనే పైకి వెళ్లే పద్ధతి అప్పుడు లేదు. నా రెండో ప్రశ్నకూ ఇదే జవాబు.