హెల్సింకీ నుంచి టోక్యోకు 9 గంటలా, 13 గంటలా, 19 గంటలా?

ప్రశ్న – దూరప్రయాణం

జులైలో అమ్మను తీసుకుని హెల్సింకీ నుంచి టోక్యోకు వెళ్తున్నాను. దూరాలు లెక్కగట్టే ఒక సైటులో సుమారు 7,800 కిలోమీటర్లు, 9 గంటల పైచిలుకు ప్రయాణం అని ఉంది. టికెట్టు చూస్తే సాయంత్రం 5:45కు బయలుదేరి మర్నాడు మధ్యాహ్నం 12:45కు చేరుతుంది. అంటే 19 గంటలు! మధ్యలో ఎక్కడా ఆగదట. ఎక్కువసేపు కూర్చుంటే అమ్మకు కాళ్ళు వాస్తాయి. అసలు విమానంలో ఎంతసేపు ఉంటామో తెలిసినవారు చెప్పండి.

జవాబు – గడియారం

టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేస్తారు. వేసవిలో టోక్యో 6 గంటలు ముందుంటుంది, చలికాలంలో 7. పంతొమ్మిదిలోంచి ఆరు తీసేస్తే 13 గంటలు. రన్‌వే మీదికి వెళ్ళే సమయం, దిగాక గేటు దాకా వచ్చే సమయం కూడా అందులోనే.

జవాబు – పటాలపిచ్చి

పై లెక్క సరైనదే. మరి ఆ 9 గంటల మాట ఎక్కడిదంటే, సైటు చూపించింది భూగోళం మీద రెండు ఊళ్ళకూ అతి దగ్గరి దారి. అది చాలామటుకు రష్యా మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరి దాకా విమానాలు అలాగే వెళ్ళేవి. ఉక్రెయిన్‌పై దాడి మొదలయ్యాక ఐరోపా సమాఖ్య రష్యా విమానాలకు తన గగనతలాన్ని మూసేసింది, రష్యా కూడా బదులుగా అదే చేసింది. అప్పటినుంచి ఫిన్లాండ్ విమానాలకు చుట్టుదారే గతి. దక్షిణాన కజాఖ్‌స్తాన్, చైనాల మీదుగా వెళ్ళాలి, లేదా ఉత్తర ధ్రువం దాటి అలాస్కా వైపు నుంచి పసిఫిక్ మీదికి దిగాలి. ఏ దారైనా వేల కిలోమీటర్లు అదనం. ఆ రోజు గాలులను చూసుకుని ఏదో ఒకటి ఎంచుకుంటారు.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. సోవియట్ కాలంలోనూ ఇదే చిక్కు. అప్పట్లో ఐరోపా నుంచి జపాన్ వెళ్ళే విమానాలు చాలావరకు అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి ఇంధనం నింపుకునేవి. 1983లో ఫిన్‌ఎయిర్ డీసీ-10 విమానంతో ధ్రువం మీదుగా, ఎక్కడా ఆగకుండా హెల్సింకీ నుంచి టోక్యోకు నడిపింది. అప్పుడూ సుమారు 13 గంటలే!

అమ్మగారికి నడవా పక్క సీటు తీసుకోండి, గంటకోసారి లేపి నాలుగడుగులు నడిపించండి. బిగుతు మేజోళ్ళు వేయొచ్చో లేదో ముందే డాక్టర్ని అడగండి. జులైలో ధ్రువం దారిన వెళ్తే అక్కడ సూర్యుడు అస్తమించడు, కిటికీ తెర కాస్త తెరిచినా ఎండ నేరుగా ముఖాన పడుతుంది. కళ్ళకు కట్టుకునే మాస్కు తప్పకుండా పెట్టుకోండి.

దూరప్రయాణం

ఇద్దరికీ ధన్యవాదాలు. తిరుగు టికెట్టు రాత్రి 11కు బయలుదేరి మర్నాడు ఉదయం 6కు చేరుతుందని ఉంది. ఏడు గంటలేనని సంబరపడుతోంది అమ్మ.

గడియారం

వచ్చేటప్పుడు ఆ ఆరు గంటలూ కలపాలండీ. అటైనా ఇటైనా 13 గంటలే, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.